రిమార్కుల గడి

పొద్దున ఏడింటికి నా సంచిలో
రెండు సీసాలు, ఒక థర్మామీటరు,
లిట్మస్ కాగితాల చిన్న పుస్తకం,
మూతికి కట్టుకునే గుడ్డ.
పట్నంబజారు వెనక సందులో
మాన్‌హోల్ మూత తీసి పక్కన పెట్టి ఉంది
బోర్లించిన అట్లపెనంలా.

పబ్లిక్ మురుగులోకి ఏవి రావచ్చో
ఏవి రాకూడదో
మా ఆఫీసు గోడకి ఒక పట్టిక ఉంది.
వేడి నలభై అయిదు డిగ్రీలు దాటకూడదు.
నూనె ఇంత, జిడ్డు ఇంత.
పులుపు ఇక్కణ్ణుంచి, చవుడు ఇక్కడి దాకా.
అట్టడుగున చెదలు తిన్న మేర ఏముండేదో
అతికించినాయన రిటైరయ్యాడు,
ఇప్పుడెవరికీ తెలీదు.

పట్టికని నేను నమ్ముతాను.
దాని వల్లే బ్యాటరీల కొట్టు ఆసిడ్ ఆగింది.
మెస్సు సాంబ్రాజ్యమ్మకి మాత్రం
"లోపల మనిషుంటే వీపు కాలుద్దమ్మా" అన్నాను అంతే,
ఆ రోజు నుంచీ గంజి చల్లారితే గానీ వొంపదు.
ఆమెకి పట్టిక అక్కర్లేకపోయింది.

నిన్న అమావాస్య.
కారం మిల్లుకి సెలవు.
మిషనుకి పసుపూ కుంకుమా నిమ్మకాయా,
నేలకి నీళ్ళు.
నెల్లాళ్ళ తేజ రకం దుమ్మూ
తాలుకాయల పొట్టూ గింజలూ
ఎర్రటి నురగలో
గడప దాటి, కాలవ దాటి, గొట్టంలోకి.

ఇవాళ మరియదాసు దిగాడు.
మనిషి దిగకూడదని కూడా ఓ రూలుంది.
జెట్టింగు బండి ఇంకో పేటకి పోయిందన్నారు,
పూడిక మాత్రం ఆగనంది.
నడుం లోతు దిగి
ఒక తుమ్ము తుమ్మాడు.
మావాళ్ళు నవ్వారు.
రెండోదానికీ నవ్వారు.
ఏడో తుమ్ముకి తాడు లాగారు.

కళ్ళు రెండూ మూసుకుపోయినయ్.
నీళ్ళు కొట్టబోతే వొద్దని
"మజ్జిగ, మజ్జిగ" అని గాల్లో చేతులాడించాడు.
ఆ సందు మొత్తానికి ఆ వేళప్పుడు మజ్జిగ ఉంది
మిల్లాయన ఇంట్లోనే.
వీరాంజనేయులు గారే చెంబుతో పరుగెత్తుకొచ్చారు.
చెడ్డమనిషి కాదు.
తల పట్టుకుని ముఖమంతా కడిగారు,
తుడవడానికి భుజం మీది కండువా ఇచ్చారు.
ఆ తర్వాత నా వైపు తిరిగి
"నేనేం రూలు తప్పానమ్మా? చూపించు" అన్నారు.

కొలిచాను.
వేడి ముప్పై ఒకటి.
కాగితం రంగు మారలేదు.
నూనె సంగతి లాబు చెప్పాలి,
చెప్పినా హద్దులోనే అని చెప్పుద్ది.
సీసా ఎత్తి వెలుగులో పెడితే
పలచటి దానిమ్మ రసంలా ముద్దుగా ఉంది.

ఘాటుకి గడి లేదు.
మా గుంటూరు పేరు చెబితే
ఎక్కడెక్కడి వాళ్ళో నాలుక బయటపెట్టి
హా హా అంటారే, ఆ ఘాటుకి
పట్టికలో గడి లేదు.
ఏ చప్పిడి కూటి ఊళ్ళో కూచుని రాశాడో
రాసినాయన.

రిమార్కుల గడిలో
"కారం" అని రాశాను.
రెండక్షరాలూ, ఒక సున్నా.
సాయంత్రం ఏఈ గారు ఎర్రసిరాతో కొట్టేసి
"ఇదేమన్నా వంటల పుస్తకమా" అన్నారు.
ఫారం మళ్ళీ రాశాను.
అన్నీ సక్రమం అని రాశాను.
సంతకం నాదే.

చీకటి పడ్డాక సంగడిగుంట వెళ్ళాను.
మరియదాసు కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని
టీవీ వింటున్నాడు.
"రేపొస్తాలే మేడమ్" అన్నాడు,
నేనింకా ఏమీ అడక్కముందే.

పంపు దగ్గర సలోమి
అతని చొక్కా నానేసిన బకెట్లో చెయ్యి పెట్టి
మోచేతి దాకా మండుతుంటే
ఊదుకుంటూ, ఎవరినో తిట్టుకుంటూ
మూడు నీళ్ళు మార్చింది.
మూడో నీళ్ళు కూడా లేత ఎరుపే.
బకెట్ ఎత్తి, ఎక్కడ వొంపాలా అని
కాసేపు అలాగే నిలబడింది.
వాకిట్లో ఉన్నది ఒకటే కాలవ.

నా సంచిలో రెండో సీసా
ఇంకా ఖాళీగానే ఉంది.